టాంకు మీద దోమ

గొల్లపల్లి చిట్టబ్బాయికి అరవై ఎనిమిదేళ్లు, ఆయన మోటార్‌సైకిల్‌కి నలభై మూడు. ఇద్దరిలో ముందు నోటీసు వచ్చింది మోటార్‌సైకిల్‌కే.

చిట్టబ్బాయిది గోదావరి కాలవ గట్టునున్న ఏటిమెరక. పెళ్లి వంటల మేస్త్రి. చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో ఎవరింట పందిరి లేచినా మొదటి శుభలేఖ దేవుడికి, రెండోది చిట్టబ్బాయికి. ఆయన బండి పేరు గండభేరుండం. పేరు విని హడలిపోకండి. పక్కన తొట్టి తగిలించిన పాతకాలం మోటార్‌సైకిల్, అంతే. దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీ మూతపడి మూడు పదులు దాటింది. ఆ తొట్టిలో పులుసు గుండిగ పెడితే కొలత తీసి చేయించినట్టు కూర్చుంటుంది. గరిటెలూ జల్లెళ్లూ వెనక సీటుకి కట్టుకుని ఆయన బయల్దేరితే, ఆ చప్పుడుకే పెళ్లివారికి ఆకలేసేది.

ఒకే ఒక్కసారి, బండి పాడై, చిట్టబ్బాయి బస్సులో పెళ్లికి వెళ్లాడు. ఆ రోజు పాయసం అడుగంటింది. పులిహోరలో ఉప్పు మరిచిపోయాడు. పెళ్లికొడుకు మేనమామ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. దాంతో ఆయనకి గట్టి నమ్మకం పడిపోయింది. గండభేరుండం మీద వెళ్తేనే చెయ్యి చెప్పినట్టు వింటుంది, లేకపోతే వినదు. నమ్మకమో చాదస్తమో మనకెందుకు గానీ, ఆ తర్వాత ఎన్నడూ ఆయన వంటకి పేరు పోలేదు.

అలాంటి బండికి నోటీసు వచ్చింది. పంపినవారు పురాతన వాహన మూలస్వరూప పునఃప్రతిష్ఠాపన మండలి. ఎవరో పెద్దాయన ఎక్కడో పాత బళ్ల ప్రదర్శన చూసి ముచ్చటపడ్డాడట. పెద్దవాళ్ల ముచ్చట మనదాకా వచ్చేసరికి జీవో అవుతుంది. నోటీసులో ఇలా ఉంది: "అమ్మకపు తేదీ నుండి నలువది సంవత్సరములు గడిచిన ప్రతి వాహనము, కర్మాగారమునుండి వెలువడిన నాటి మూలస్వరూపమును ముప్పది దినములలోగా పొందవలెను. పొందని యెడల తుక్కుగా పరిగణించబడును."

"తుక్కంట!" అన్నాడు చిట్టబ్బాయి, భార్య మంగాయమ్మకి కాగితం చూపించి. "నిక్షేపంలాంటి బండిని పట్టుకుని తుక్కంటారా మంగా? వచ్చే నెల్లో రామచంద్రపురం పెళ్లి ఉంది. పన్నెండొందల విస్తళ్లు. ఇది లేకుండా నేనెలా చేసేది?"

"ముందు వెళ్లి కనపడి రండి. వాళ్లూ మనుషులే కదా," అంది మంగాయమ్మ. ఆవిడ చెప్పినవాటిలో తప్పయిన మాట ఇదొక్కటే.

జిల్లా కేంద్రంలో మండలి ఆఫీసుకి అధికారి పరాంకుశం గారు. సన్నగా, పొడుగ్గా, చేతిలో భూతద్దంతో ఉంటారు. ఎవరు ఏం మాట్లాడినా ముందు భూతద్దంలోంచి చూసి, తర్వాత వింటారు. ఆయన గండభేరుండం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశారు.

"ఈ పసుపు వర్ణము ఎవరి అనుమతితో వేయబడినది?"

"మా ఆవిడ అనుమతితోనండి. శుభకార్యాలకి వెళ్లే బండి కదా, పసుపు మంచిదంది."

"కర్మాగారము అంగీకరించిన వర్ణము ఇది కాదు. మూలవర్ణమును పునఃప్రతిష్ఠింపుడు."

ఇంతే కదా అనుకున్నాడు చిట్టబ్బాయి. ఊళ్లో రంగులేసే బాజీ ఉన్నాడు, చెయ్యి తిరిగిన పనివాడు. బాజీ వారం రోజులు కూర్చుని పసుపు గోకాడు. పసుపు కింద నీలం వచ్చింది. నీలం కింద ఎప్పటిదో ఆకుపచ్చ. దాని అడుగున ముదురు మెరూన్ రంగు బయటపడింది. "ఇదిగోనండీ మేస్త్రి గారూ, అసలు సరుకు!" అని కేకేశాడు. ఆ రంగు కలిపి, నాలుగు పూతలు పూసి, బంగారు గీతలు లాగి, మెరుగు పెట్టాడు. టాంకులో చూసి మీసం దిద్దుకోవచ్చు. తన జన్మలో ఇంత మంచి పని చెయ్యలేదని బాజీయే స్వయంగా చెప్పుకుని, దిష్టి తగలకుండా తన పనికి తనే దిష్టి తీసుకున్నాడు.

పరాంకుశం గారు భూతద్దం తీశారు. పెట్టారు. మళ్లీ తీశారు.

"తిరస్కరించడమైనది."

"ఎందుకండీ బాబూ?" అన్నాడు బాజీ. "ఇంత నున్నగా ఎవడైనా వేస్తాడా?"

"అదియే దోషము. కర్మాగారము ఇంత నున్నగా వేయలేదు."

ఆయన బీరువా తెరిచి ఒక లావుపాటి పుస్తకం తీశారు. మూతపడ్డ ఫ్యాక్టరీ తనిఖీ దస్త్రం అది. చిత్తుకాగితాల కొట్లో పకోడీలకి చిరిగిపోతుంటే మండలి వాళ్లు కాపాడి తెచ్చుకున్నారు. ఆ ఫ్యాక్టరీలో ఎవరో తనిఖీ గుమాస్తా, పని మీద భక్తి గల మహానుభావుడు, ప్రతి బండికీ ఉన్న వంకలన్నీ ఒక్కటి వదలకుండా రాసి పెట్టాడు. దిద్దుకోమని రాశాడు పాపం. ఫ్యాక్టరీలో ఎవరూ దిద్దలేదు. ఇప్పుడు మండలి వారికి అదే వేదం.

"మీ వాహనము," అని పరాంకుశం గారు చదివారు. "టాంకు ఎడమవైపు రంగు రెండు చోట్ల కారినది. బంగారు గీత నడుమ వంకర. మడ్‌గార్డు మీద కుంచె వెంట్రుకలు మూడు. టాంకు కుడివైపు రంగులో చిక్కుకుని ఒక దోమ."

"దోమా?" అన్నారు ఇద్దరూ.

"ఒకటి," అన్నారు పరాంకుశం గారు. "దోమ లేని యెడల మూలస్వరూపము అసంపూర్ణము."

బాజీ ఆ రోజు ఇంటికెళ్లి అన్నం తినలేదు. చక్కటి గీతని వంకర చెయ్యడానికి ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. మూడుసార్లు వంకర గీశాడు, మూడుసార్లూ వంకర కూడా అందంగానే వచ్చింది. చివరికి ఎడమ చేత్తో గీశాడు. రంగు కారడం కోసం సీసా వొంపి, కారుతుంటే చూడలేక మొహం తిప్పుకున్నాడు. దోమ సంగతి మాత్రం తేలిక. సాయంత్రం కాలవ పక్కన రెండు నిమిషాలు కూర్చుంటే పదిహేడు దొరికాయి. అందులో మంచిదాన్ని ఏరి తడి రంగు మీద పెట్టాడు.

పరాంకుశం గారు భూతద్దం దోమ మీద పెట్టారు.

"ఈ దోమ వయస్సెంత?"

"నిన్న సాయంత్రందండి," అన్నాడు చిట్టబ్బాయి. ఆయనకి అబద్ధం చేతకాదు.

"అనగా వర్తమానకాలపు దోమ. మూలస్వరూపమునకు సమకాలీన దోమ కావలెను."

బాజీకి చిర్రెత్తుకొచ్చింది. "నలభై మూడేళ్ల దోమ ఎక్కడ దొరుకుతుందండీ? దాని తాతలూ ముత్తాతలూ అందరూ మా ఊరి కాలవవాళ్లే. అప్పుడు ఎవరున్నారో ఇప్పుడూ వాళ్ల సంతానమే ఉంది!"

తిట్టాననుకున్నాడు బాజీ. పరాంకుశం గారు సంతోషించారు. "వంశపారంపర్యమా? నిబంధన యొక్క పరిధిలోనికి రావచ్చును. ధ్రువీకరణ పత్రము తెండు."

ఏటిమెరక పంచాయతీ కార్యదర్శి చాలా మంచివాడు. కాగితం అడిగితే కాదనలేదు. "మా ఊరి మురుగు కాలవను గత నలభై అయిదు సంవత్సరాలుగా ఎవరూ కదిలించలేదు గనుక, అందులోని దోమలు ఎక్కడా తెగని ఒకే వంశానివని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని రాసి, ముద్రేసి, ఆ కాగితానికి ఒక నకలు గోడకి కూడా అంటించుకున్నాడు. తన ఆఫీసుకి ఎన్నాళ్లకో వచ్చిన గౌరవం అది.

దోమ నెగ్గింది. తర్వాత నూనె వచ్చింది.

"ఇంజను అడుగున నిమిషమునకు రెండు బొట్లు నూనె కారవలెను," అని చదివారు పరాంకుశం గారు. కింద గిన్నె పెట్టించి, గడియారం చూస్తూ కూర్చున్నారు. పావుగంటైనా గిన్నె పొడిగానే ఉంది. "కారుట లేదే!"

"నేనే ఆపానండి," అన్నాడు చిట్టబ్బాయి కొంచెం గర్వంగా. "కొన్న కొత్తలో కారేది. నెల రోజులు తంటాలుపడి, అట్టముక్క కత్తిరించి పెట్టి, చుక్క కారకుండా చేశాను."

పరాంకుశం గారు రాసుకున్నారు. "అనధికార కారుడు నిరోధము. యజమాని నేరము అంగీకరించెను."

ఆ రోజు చిట్టబ్బాయి పెరట్లో కూర్చుని, తను పెట్టిన అట్టముక్క తనే లాగేశాడు. బండి నూనె కారుస్తుంటే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సరిగ్గా కుదిరిన పప్పులో మళ్లీ గుప్పెడు ఉప్పు వేసినట్టుంది ఆయనకి. పైగా మొదట నిమిషానికి అయిదు బొట్లు కారింది. అయిదు బొట్లంటే అతిక్రమణ. రెండు బొట్లకి తేవడానికి ఇంకో రోజంతా పట్టింది.

ముప్పై రోజుల్లో ఇరవై అయిదు గడిచిపోయాయి. రామచంద్రపురం వాళ్లు బూందీ ఎంత, అరిసెలు ఎన్ని అని కబురు మీద కబురు పంపుతున్నారు. చిట్టబ్బాయికి జాబితా రాయడానికి కూర్చుంటే శనగపిండి బదులు దోమ అని పడుతోంది.

"ఇక పంచేంద్రియ పరీక్ష," అన్నారు పరాంకుశం గారు. కంటితో చూశారు, చేత్తో తడిమారు, చెవితో విన్నారు. తొట్టిలోకి తల దూర్చి గాఢంగా పీల్చారు. తల ఇవతలికి తీసేసరికి ఆయన మొహం మారిపోయింది.

"ఇంగువ!"

"ఆయ్," అన్నాడు చిట్టబ్బాయి. "నలభై ఏళ్ల పులుసు కదండీ, పట్టేసింది. మంచి ఇంగువండి, గట్టిది."

"కర్మాగారములో ఇంగువ లేదు. రంగు, పెట్రోలు, కార్మికుల బీడీ పొగ మాత్రమే ఉండినవి." అన్నారే గానీ, పరాంకుశం గారు మధ్యాహ్నం భోజనానికి గంట ముందే లేచి వెళ్లిపోయారు.

మంగాయమ్మ ఆ తొట్టిని చింతపండుతో తోమింది. నిమ్మకాయతో రుద్దింది. వేపాకు కాల్చింది. ఏం చేసినా ఇంగువ కదల్లేదు సరికదా, తడి తగిలి ఇంకా ఘుమఘుమలాడింది. విసిగిపోయి సాంబ్రాణి వేసింది. అప్పుడది సత్యనారాయణ వ్రతం జరిగిన ఇల్లులా అయింది. ఆఖరికి బాజీయే త్యాగం చేశాడు. తొట్టి మీద దుప్పటి కప్పుకుని, పక్కన పెట్రోలు డబ్బా పెట్టుకుంటానంటే మంగాయమ్మ వాడి చెంపలు వాయించి అది మాత్రం దూరంగా పెట్టించింది గానీ, లోపల కూర్చుని రెండు రోజులు ఏకధాటిగా బీడీలు కాల్చాడు. మూడో రోజు దుప్పటి తీస్తే బాజీ ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సొచ్చింది.

"నాసికా పరీక్ష ఉత్తీర్ణము," అన్నారు పరాంకుశం గారు దగ్గుతూ.

"నాలికతో కూడా చూస్తారాండీ?" అన్నాడు చిట్టబ్బాయి భయంభయంగా.

"రుచి పరీక్షకు మార్గదర్శకములు ఇంకను రాలేదు."

గండభేరుండానికి ధ్రువపత్రం ఇచ్చారు. చట్రం కట్టించి ఇచ్చారు. బండికి దండేశారు. ఆఫీసు సిబ్బంది చప్పట్లు కొట్టారు. చిట్టబ్బాయికి కొండంత బరువు దిగింది. బండెక్కి కిక్ కొట్టబోతుంటే పరాంకుశం గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"దిగుడు."

"ఇంకేం మిగిలిందండీ?"

"చివరి గడి." ఆయన దస్త్రం చిట్టబ్బాయి ముందు పెట్టారు. "వాహన స్థితి: అమ్ముడుపోలేదు. కర్మాగారమునుండి వెలువడిన నాడు ఈ వాహనమునకు యజమాని ఉండెనా?"

"నేను కొన్నాకే కదండీ యజమానినయ్యేది."

"కనుక మూలస్వరూపములో యజమాని లేడు. మీరు తర్వాత చేరిన వస్తువు, ఆ పసుపు రంగు వలెనే. మిమ్ములను కూడా తొలగించడమైనది." గుమాస్తా వచ్చి పాత రిజిస్ట్రేషన్ కాగితం అడ్డంగా కొట్టేశాడు. "అమ్ముడుపోని సరుకుగా వాహనము మండలి గోదాములో భద్రపరచబడును. మీ సహకారమునకు కృతజ్ఞతలు."

బండిని తోసుకుంటూ లోపలికి తీసుకెళ్లిపోయారు. నేల మీద నూనె బొట్లు మిగిలాయి.

చిట్టబ్బాయి బస్సులో ఇంటికొచ్చాడు. అరుగు మీద కూలబడ్డాడు. మంచినీళ్లు కూడా అడగలేదు.

"పోయిందే మంగా," అన్నాడు. "నా చేత్తో నేనే దాన్ని వాళ్లకి కావలసినట్టు తయారుచేసి ఇచ్చొచ్చాను. ఎల్లుండి పెళ్లి. నేను రానని కబురు పెట్టేస్తాను. ఈ వయసులో పన్నెండొందల మంది ముందు పరువు తీసుకోలేను."

మంగాయమ్మ పెట్టె ముందు కూర్చుని రామచంద్రపురం పెళ్లికూతురి తల్లికి పెట్టడానికి చీర వెతుకుతోంది. మన వైపు పెట్టుబడి చీరల సంగతి తెలిసిందేగా. ఈ పెళ్లిలో పెట్టిన చీర ఆ పెళ్లికి వెళ్తుంది, ఆ పెళ్లిలోది ఇంకో గృహప్రవేశానికి వెళ్తుంది. జిల్లా అంతా తిరిగొచ్చినా ఏ చీరా ఎవరి ఒంటిమీదకీ ఎక్కదు. ఆవిడ అట్టడుగు నుంచి ఒక వంకాయరంగు చీర తీసింది.

చిట్టబ్బాయి ఆ దుఃఖంలోనే గుర్తుపట్టాడు. "అది మా అక్క షష్టిపూర్తికి పెట్టింది కదూ? పాతికేళ్లయింది. ఎక్కడైనా పాత చీర పెడతారా? నవ్విపోతారు."

"పాతదేవిటండీ, చోద్యం కాకపోతే!" అని మంగాయమ్మ గయ్యిమంది. "మడత విప్పామా? ఒంటిమీద వేసుకున్నామా? కట్టని చీర పాతికేళ్లున్నా, యాభయ్యేళ్లున్నా కొత్త చీరే! కట్టిన రోజు నుంచే కదా దానికి లెక్క!"

చిట్టబ్బాయి ఆవిడ వంక చూశాడు. ఆవిడా ఆయన వంక చూసింది.

"ఏమండీ," అంది మంగాయమ్మ మెల్లిగా. "ఆ నోటీసు ఎక్కడ పెట్టారు?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మండలి ఆఫీసులో ఉన్నారు. మంగాయమ్మ చేతిలో చీర, చిట్టబ్బాయి చేతిలో నోటీసు. పరాంకుశం గారు మొదట ఇద్దర్నీ భూతద్దంలోంచి చూశారు.

"అయ్యా, నేను బండి కోసం రాలేదండి," అన్నాడు చిట్టబ్బాయి. రాత్రంతా భార్యతో వల్లె వేశాడాయన. "నాకూ ఆ బండికీ సంబంధం లేదని తమరే చెప్పారు. మీ ఆఫీసు మంచి కోరి ఒక మాట అడుగుదామని. గోదాములో ఉన్న బండి అమ్ముడుపోలేదన్నారు కదా?"

"నిస్సంశయముగా."

"మరి మీ నోటీసులో అమ్మకపు తేదీ నుంచి నలభై ఏళ్లు అని ఉందండి. అమ్మని బండికి అమ్మకపు తేదీ ఏదండీ?"

పరాంకుశం గారు దస్త్రం తిరగేశారు. "అయినను, అది తయారయి నలువది మూడు సంవత్సరములు..."

అప్పుడు మంగాయమ్మ చీర బల్ల మీద పెట్టింది. "బాబూ, ఇది నేసి పాతికేళ్లయింది. కట్టలేదు. ఇది కొత్త చీరా, పాత చీరా?"

పరాంకుశం గారు భూతద్దంతో చీరని చూశారు. జరీ చూశారు, మడత చూశారు. ఆయనింట్లోనూ భార్య ఉంది, ఆ భార్యకీ బీరువా ఉంది, ఆ బీరువాలోనూ పెట్టుబడి చీరలున్నాయి. మొన్న తన సొంత చెల్లెలికి ఎన్నేళ్ల చీర పెట్టారో ఆయనకి తెలుసు. ఇది పాత చీర అని ఒక్క మాట కాగితం మీద పడిందంటే ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్లాలి?

"కొత్త చీర," అన్నారు నీరసంగా.

"అయితే గోదాములో ఉన్నదీ కొత్త బండేనండి," అన్నాడు చిట్టబ్బాయి. "పురాతన వాహనాల మండలిలో కొత్త బండి దాచుకున్నారని పైవాళ్లకి తెలిస్తే తమరికే మాటొస్తుందేమోనని మా బెంగ."

పరాంకుశం గారు నిబంధనల పుస్తకం తెచ్చారు. గుమాస్తాని పిలిచారు. ఇద్దరూ లోపలికెళ్లి తలుపేసుకుని గంటన్నర చదివారు. బయటికొచ్చి, గొంతు సవరించుకుని, నిలబడి చదివారు: "నూతన వాహనమును స్వీకరించు అధికారము ఈ మండలికి లేదు. పొరపాటున స్వీకరించిన వస్తువును తెచ్చినవారికి నేడే అప్పగించవలెను. అప్పగించిన తేదీయే అమ్మకపు తేదీగా నమోదు చేయవలెను."

బండి బయటికొచ్చింది. మెరూన్ రంగు కారుతూ, గీత వంకరపోయి, బీడీ కంపు కొడుతూ వచ్చింది. చిట్టబ్బాయి దాని హ్యాండిల్ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "ఊరుకోండి, ఆఫీసరు గారు చూస్తున్నారు," అంటూ మంగాయమ్మ కూడా కొంగుతో కళ్లొత్తుకుంది. కొత్త బండి కదా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. గుమాస్తా కొబ్బరికాయ కొట్టాడు. పరాంకుశం గారు కూడా, నూతన వాహనమునకు విధివిధానము కనుక, ఒక కొబ్బరిముక్క తీసుకున్నారు.

మంగాయమ్మ తొట్టిలో కూర్చుంది. చిట్టబ్బాయి కిక్ మీద కాలేశాడు. ఇంతలో పరాంకుశం గారు ఇంకో కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"ఆగుడు! నేటి నుండి నలువది సంవత్సరములు నిండగానే ఈ వాహనము తిరిగి మండలి పరిధిలోనికి వచ్చును. ఆ దినము ఉదయము పదిన్నరకు యజమాని స్వయముగా హాజరు కావలెను. రాని యెడల కఠినచర్య తీసుకొనబడును."

చిట్టబ్బాయి కాగితం కళ్లకద్దుకుని తీసుకున్నాడు. "తప్పకుండా వస్తానండి. అప్పటికి నాకు నూట ఎనిమిది నిండుతాయి, ఖాళీగానే ఉంటాను. తమరు కూడా ఉండాలి మరి, మాట తప్పకూడదు."

"ఏ వారం వస్తుందో కాస్త చూడండి బాబూ," అంది మంగాయమ్మ తొట్టిలోంచి.

పరాంకుశం గారు వేళ్ల మీద లెక్కేశారు. గుమాస్తా వేళ్లు కూడా అరువు తెచ్చుకుని చాలాసేపు లెక్కేశారు. "శుక్రవారము," అన్నారు.

"శుక్రవారం పదిన్నరంటే రాహుకాలం కదండీ!"

పరాంకుశం గారు ఉలిక్కిపడి, కాగితం వెనక్కి లాక్కుని, పదిన్నర కొట్టేసి, పన్నెండున్నర అని దిద్ది, పక్కన పొట్టి సంతకం పెట్టి ఇచ్చారు.